చదరంగపు రెట్టిక సంఖ్య – దాని గణితధర్మములు, పాఠనిర్ణయమున వాని ప్రయోజనము

తెలుగు వాఙ్మయమున గణితమునకు సంబంధించిన గ్రంథములలో పావులూరి మల్లన రచించిన సారసంగ్రహగణితము మిక్కిలి ప్రాచీనమైనది. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున, క్రీ. శ. తొమ్మిదవ శతాబ్దిలో, మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహము దీనికి మూలము. మల్లన కాలమును గూర్చి పండితులలో అభిప్రాయభేదము కలదు. రాజరాజనరేంద్రుని నాటివాడని కొందఱు, ఆ తరువాతి శతాబ్దివాడని కొందఱు తలచిరి. ఆ చర్చ ఇచట అప్రస్తుతము. మల్లన పేర ప్రసిద్ధమైన ఒక చంపకమాలలో ఇరువది అంకెల సంఖ్య యొకటి చెప్పబడినది. ఆ సంఖ్య ధర్మములను వివరించి, ఆ ధర్మములు పద్యపాఠమును నిర్ణయించుటకు ఎంతవరకు తోడ్పడునో, ఎచట తోడ్పడజాలవో చూపుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

చదరంగపు బల్లపై అరువదినాలుగు గళ్ళు కలవు. మొదటి గడియందు ఒకటి, రెండవదానియందు రెండు, మూడవదానియందు నాలుగు, ఇట్లు గడిగడికిని రెట్టించుచు పోయినచో అన్ని గళ్ళలోని మొత్తమెంత అనునది ప్రశ్న. ఇట్టి రెట్టింపునకు రెట్టిక యనియు, మొత్తమునకు సంకలితమనియు పేళ్ళు. సమాధానము 18446744073709551615. మన లెక్కలో విభజించి వ్రాసినచో 1,84,46,74,40,73,70,95,51,615 అగును. మహావీరాచార్యుడు పేర్కొన్న ఇరువదినాలుగు స్థానములలో ఇరువదవది మహాశంఖము. ఈ సంఖ్యలోని మొదటి ఒకటి ఆ స్థానమున నిలుచును. సెకనున కొకటి చొప్పున ఎడతెగక లెక్కించినచో ఇది ముగియుటకు సుమారు 58,454 కోట్ల సంవత్సరములు పట్టును. కల్పమునకు 432 కోట్ల సంవత్సరములను పౌరాణికగణన ప్రకారము ఇది నూటముప్పదియైదు కల్పములకు మించిన కాలము.

ఈ లెక్క ఒక్క ఆంధ్రదేశమునకే తెలిసినది కాదు. అల్ బిరూనీ క్రీ. శ. 1000 ప్రాంతమున అరబ్బీభాషలో రచించిన ప్రాచీనజాతుల కాలగణనగ్రంథమున ఈ సంఖ్యనే సాధించి చూపెను. చదరంగమును కనుగొన్నవాడు రాజును గింజలు కోరిన కథను పదుమూడవ శతాబ్దివాడగు ఇబ్ను ఖల్లికాన్ చెప్పెను. లెక్క ఎవరినుండి ఎవరికి చేరినదను విచారణ వేఱు. సరిగా చేసిన లెక్క ఎచట చేసినను ఒకే ఫలమును ఇచ్చును. పాఠపరిష్కర్తకు ఈ విషయమే ఆధారము.

మొదట సంకలితమును సాధించు విధమును చూతము. మొత్తమును రెట్టించినచో ప్రతిగడిలోని సంఖ్యయు తన తరువాతి గడిలోనికి జరుగును. మొదటి గడిలోని ఒకటి పోవును. చివర అరువదియైదవ గడి యొకటి కొత్తగా ఏర్పడును. తక్కినవన్నియు మునుపటివే. కావున రెట్టించిన మొత్తమునుండి మొత్తమును తీసివేయగా మిగులునది అరువదియైదవ గడిలో నుండదగిన సంఖ్యకు ఒకటి తక్కువ. అనగా సంకలితము రెండు యొక్క అరువదినాలుగవ ఘాతమునకు ఒకటి తక్కువ. ఆ ఘాతమును సాధించుటకు అరువదినాలుగు మార్లు రెట్టింపనక్కఱలేదు. రెండును వర్గించిన 4, దానిని వర్గించిన 16, ఆ పిమ్మట 256, 65,536, 4,29,49,67,296, ఆఱవ వర్గమున 18446744073709551616. ఆఱు గుణకారములతో పని ముగిసినది. ఘాతమును సగములుగా విఱిచి వర్గములతో సాధించు ఈ యుపాయము పింగళుని ఛందశ్శాస్త్రముననే కలదు. మహావీరాచార్యుడును గుణోత్తరశ్రేఢులకు దీనిని చెప్పెను.

పింగళుడు దీనిని చెప్పవలసివచ్చిన సందర్భము తెలుగు విద్యార్థులకు పరిచితమే. పాదమునందలి ప్రతి యక్షరమును లఘువో గురువో కావలెను. కావున అక్షరమొకటి పెరిగిన కొలది వృత్తముల సంఖ్య రెట్టింపగును. ఉక్తయందు రెండు, అత్యుక్తయందు నాలుగు, ఇట్లు ఇరువదియాఱక్షరముల ఉత్కృతియందు 6,71,08,864 వృత్తములు. చివరి ఛందస్సులోని సంఖ్యను రెట్టించి రెండు తీసివేసినచో మొదటినుండి అంతవరకు గల వృత్తముల మొత్తము వచ్చునని పింగళుని సూత్రము. ఈ విధమున ఉక్తనుండి ఉత్కృతివఱకు గల వృత్తములు 13,42,17,726 అని లక్షణగ్రంథములు చెప్పును. ఇదే సూత్రమును ఒకటినుండి అరువదిమూడక్షరముల వఱకు నడిపినచో వచ్చునది చదరంగపు సంఖ్యకు ఒకటి తక్కువ. పింగళుని లెక్క రెండుతో మొదలగును. చదరంగపు లెక్క ఒకటితో మొదలగును. భేదమంతయు ఆ మొదటి గడియే.

ఇంకను దగ్గఱి సంబంధము ఉద్దిష్టమునందు కలదు. ఇచ్చిన వృత్తము ప్రస్తారమున ఎన్నవదో తెలియుటకు అక్షరములపై వరుసగా 1, 2, 4, 8 అని రెట్టించుచు అంకెలు వేసి, లఘువులపై నున్నవానిని కూడి, ఒకటి చేర్చుదురు. ఇట్లు లెక్కింపగా చంపకమాల ప్రకృతి ఛందమునందలి 20,97,152 వృత్తములలో 7,11,600వది యగును. ఇప్పుడు అరువదినాలుగక్షరముల పాదమును ఊహించి దానిపై ఉద్దిష్టపుటంకెలు వేసినచో అవి చదరంగపు గళ్ళలోని సంఖ్యలే యగును. ఆ పాదము సర్వలఘువైనచో అన్నియు కూడబడును. కూడగా వచ్చునది మన సంఖ్య. దానికి ఒకటి చేర్చగా ఆ ప్రస్తారమున చిట్టచివరి వృత్తపు వరుససంఖ్య వచ్చును. నేటి కంప్యూటరులలో అరువదినాలుగు ద్విమానస్థానములు గల కోష్ఠమున ఇమిడెడు ధనపూర్ణసంఖ్యలలో గరిష్ఠమైనది సరిగా ఇదియే. అచట అన్ని స్థానములందు ఒకట్లు నిండును. ఇచట అన్ని యక్షరములును లఘువులగును. లెక్క యొక్కటే.

ఇక ఈ సంఖ్య భాజకములను పరిశీలింతము. ఏ సంఖ్యావర్గమునుండియైనను ఒకటి తీసివేసినచో, ఆ శేషము ఆ సంఖ్యకు ఒకటి ఎక్కువయు ఒకటి తక్కువయు నగు రెండు సంఖ్యల గుణితమగును. మన సంఖ్య 4,29,49,67,296 యొక్క వర్గమునకు ఒకటి తక్కువ. కావున అది 4,29,49,67,297 చేతను 4,29,49,67,295 చేతను భాగింపబడును. ఈ రెండవది 65,536 యొక్క వర్గమునకు ఒకటి తక్కువ గనుక అదియు 65,537 గాను 65,535 గాను విడివడును. ఇట్లు దిగివచ్చినచో 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297 అను ఆఱు సంఖ్యల గుణితముగా మన సంఖ్య తేలును.

వీనిలో మొదటి యైదును ప్రధానసంఖ్యలు. ఆఱవదియు, ఆ వరుసలో తరువాత వచ్చునవియు ప్రధానములే యని ఫ్రాన్సుదేశీయుడగు ఫెర్మా 1640 ప్రాంతమున విశ్వసించెను. ఆ యూహ తప్పని 1732లో ఆయిలరు నిరూపించెను. 4,29,49,67,297 అనునది 641, 67,00,417 అను రెండు ప్రధానసంఖ్యల గుణితము. ఇంత పెద్ద భాగహారమును చేయకయే 641 దీనిని భాగించునని తెలిసికొనవచ్చును. 640 అనునది 5ను 128తో గుణించినది. 128 రెండు యొక్క ఏడవ ఘాతము. కావున 640 యొక్క నాలుగవ ఘాతము 625ను రెండు యొక్క 28వ ఘాతముతో గుణించినది. ఏ సంఖ్య యొక్క నాలుగవ ఘాతమునుండియైనను ఒకటి తీసివేసిన శేషమును ఆ సంఖ్యకు ఒకటి ఎక్కువైనది భాగించును. కావున 640 యొక్క నాలుగవ ఘాతమునకు ఒకటి తక్కువైన సంఖ్యను 641 భాగించును. మఱియు 641 అనునది 625, 16ల మొత్తము. దీనిని రెండు యొక్క 28వ ఘాతముతో గుణించినచో 640 యొక్క నాలుగవ ఘాతమును, రెండు యొక్క 32వ ఘాతమును కలిసిన మొత్తము వచ్చును. దీనిని 641 భాగించుట స్పష్టమే. 641చే భాగింపబడు ఈ రెండు సంఖ్యల అంతరము రెండు యొక్క 32వ ఘాతమునకు ఒకటి ఎక్కువ, అనగా 4,29,49,67,297. కావున దానిని కూడ 641 భాగింపవలెను.

ఇట్లు చదరంగపు సంఖ్య ఏడు వేర్వేఱు ప్రధానసంఖ్యల గుణితము: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. దీని ప్రతిభాజకమునందును ఈ యేడింటిలో ఒక్కొక్కటి ఉండుటయో లేకుండుటయో జరుగును. కావున భాజకముల సంఖ్య, ఒకటిని ఆ సంఖ్యను కూడ లెక్కించినచో, ఏడక్షరముల ఉష్ణిక్కునందలి వృత్తముల వలె 128. రెట్టింపువలన పుట్టిన సంఖ్య బేసిసంఖ్య యగుటయు, ఇరువది యంకెలలో రెండు అను అంకె ఒక్కమాఱైనను రాకుండుటయు గమనింపదగినవి. మొదటిదానికి హేతువు కలదు. రెండవది కేవలము యాదృచ్ఛికము. సంఖ్యాధర్మములను బోధించునపుడు ఈ రెండింటికి గల భేదమును విద్యార్థులకు స్పష్టపఱుపవలెను.

ఇక పద్యమును గూర్చి. మల్లన ఈ సంఖ్యను భూతసంఖ్యలతో, ఒకట్ల స్థానము మొదలుకొని, చెప్పినాడు. వాడుకలో నున్న పాఠమున సున్నకు వియత్, గగన శబ్దములు, ఒకటికి శశి, చంద్ర, తుహినాంశు శబ్దములు, మూడునకు అగ్ని, నాలుగునకు అబ్ధి, వేద, పయోనిధి, పద్మజాస్య శబ్దములు, అయిదునకు రెండు మార్లు శరము, ఒకమాఱు సాయకము, ఆఱునకు షట్క, తర్క శబ్దములు, ఏడునకు నగ, భూధర, గిరి శబ్దములు, ఎనిమిదికి కుంజరము, తొమ్మిదికి రంధ్రము వాడబడినవి. మొత్తము ఇరువది పదములు. ఒక యంకెకు పెక్కు పర్యాయపదము లుండుట కవికి సౌకర్యము. లేఖకునకు మాత్రము ప్రమాదహేతువు.

ఆ ప్రమాదములు రెండు విధములు. ఛందస్సునకు దొరకునవి కొన్ని, దొరకనివి కొన్ని. నగ శబ్దమునకు మాఱుగా నాగ శబ్దము వ్రాసినచో ఏడు ఎనిమిదియగును. కాని లఘువున్న చోట గురువు వచ్చి గణము చెడును గనుక తప్పు వెంటనే పట్టువడును. రెండవ పాదమున యతిస్థానమందున్న తర్క శబ్దమునకు బదులు అదే విలువయు అదే గురులఘుక్రమమును గల అంగ శబ్దమును ఉంచరాదు. పాదాదియందలి ధకారమునకు తకారమే మైత్రి గలది, అకారము కాదు. కాని గిరి యున్నచోట కరి యని వ్రాసినచో రెండును రెండు లఘువులే, అది యతిస్థానమును కాదు, వినికిడికి దగ్గఱివి. ఛందస్సు మిన్నకుండును, ఏడు మాత్రము ఎనిమిది యగును. రంధ్ర, చంద్ర శబ్దములును ఇట్టివే. గురులఘుక్రమము సమానము, విలువలు తొమ్మిది, ఒకటి.

ఇచట గణితము సాక్ష్యమునకు వచ్చును. మొదటి పరీక్ష పదముల లెక్క. రెండు యొక్క పదవ ఘాతము 1,024. అది వేయికి కొంచెము ఎక్కువ. ఆఱు మార్లు ఇట్టి గుణకారము జరిగిన పిమ్మట వచ్చు పెరుగుదల ఆఱవవంతునకు మించదు. మిగిలిన నాలుగు రెట్టింపులు పదాఱు. కావున ఫలము ఇరువది యంకెలు గలదై ఒకటితో మొదలు కావలెను. రెండు యొక్క ఘాతముల చివరి యంకెలు 2, 4, 8, 6 అని తిరుగుచుండును. అరువదినాలుగవదానికి 6, ఒకటి తీసివేయగా 5. కావున పద్యమున పదములు ఇరువది యుండవలెననియు, మొదటిది అయిదును, చివరిది ఒకటిని చెప్పవలెననియు పూర్తి లెక్క చేయకయే చెప్పవచ్చును.

రెండవది తొమ్మిదిచే శేషము చూచుట. మన సంఖ్యయందలి అంకెల మొత్తము 87. తొమ్మిదిచే భాగింపగా శేషము 6. ఇది పద్యమునుండి వచ్చినది. లెక్కనుండి చూచినచో రెండు యొక్క ఆఱవ ఘాతమగు 64కు తొమ్మిదిచే శేషము 1. అరువదినాలుగులో పది ఆఱులు పోగా నాలుగు మిగులును. కావున 16 యొక్క శేషమగు 7 నుండి ఒకటి తీసివేయగా 6. రెండును కలిసినవి. గిరి కరియైనచో అంకెల మొత్తము 88, శేషము 7. రంధ్రము చంద్రుడైనచో మొత్తము 79, శేషము మరల 7. రెండును నిలువవు.

ఈ పరీక్షకు దొరకని తప్పులు కలవు. పదములు తారుమాఱైనచో మొత్తము మాఱదు. తొమ్మిదికి బదులు సున్న వచ్చినను శేషము మాఱదు. రంధ్రమనగా బొఱియ గదా, శూన్యమేల కారాదని విద్యార్థి యడిగినచో తొమ్మిది పరీక్ష సమాధానము చెప్పలేదు. అపుడు పదునొకటి పరీక్షను ఆశ్రయింపవలెను. ఒకట్ల స్థానమునుండి లెక్కించి బేసిస్థానముల యంకెలను కూడగా 62, సరిస్థానములవి కూడగా 25, అంతరము 37, పదునొకటిచే శేషము 4. రెండు యొక్క పదవ ఘాతమునకు పదునొకటిచే శేషము 1 గనుక, 16 యొక్క శేషమగు 5 నుండి ఒకటి తీసివేయగా 4. ఇదియు సరిపోయినది. ఏడవ స్థానమందలి రంధ్రమును సున్నగా గైకొన్నచో అంతరము 28, శేషము 6 అగును. కావున అది తొమ్మిదియే. గిరి తర్కములు తారుమారైనచో అంతరము 35, శేషము 2, అదియు త్రోసివేయదగినదే.

సముద్రవాచకములకు భూతసంఖ్యలలో నాలుగు విలువ యగుట సామాన్యము. సప్తసముద్రముల ప్రసిద్ధివలన ఏడుగా గ్రహించినవారును అరుదుగా కలరు. పురాణపరిచయము గల విద్యార్థి అబ్ధి, పయోనిధి శబ్దములను చూచి ఏడనుకొనుట సహజము. ఒక్కదానిని ఏడుగా గైకొన్నచో అంకెల మొత్తము 90, తొమ్మిదిచే శేషము సున్న. రెండింటిని గైకొన్నచో మొత్తము 93, శేషము 3. ఉండవలసినది 6. కావున ఈ పద్యమున సముద్రము నాలుగే. నిఘంటువు రెండర్థములు చూపిన చోట గణితము ఒకదానిని నిర్ణయించినది.

సంఖ్య లెక్కకు వచ్చునదే యైనపుడు పూర్తిగా సాధించి పోల్చిన చాలదా, ఈ పరీక్షలేల యని శంక కలుగవచ్చును. ఈ పద్యమునకు అది చాలును. కాని గణితగ్రంథమున వందలకొలది ఉదాహరణము లుండును. ప్రతిదానియందును గుణ్యము, గుణకము, ఫలము మూడును పదములతోనే చెప్పబడును. ఏదో యొకచోట పాఠము చెడినదని త్వరగా గుర్తించుటకు ఈ పరీక్షలు ఉపకరించును. అయినను రెండు పరీక్షలకును నిలిచిన పాఠము తప్పక సరియైనదే యనరాదు. నిలువని పాఠము మాత్రము తప్పక లెక్కకు విరుద్ధము.

లెక్కకు విరుద్ధమైనది కవికిని విరుద్ధమని వెంటనే నిశ్చయింపరాదు. గ్రంథకర్తయే లెక్కలో పొరబడుట అసంభవము కాదు. వ్రాతప్రతులన్నియు ఒక తప్పునే ఏకకంఠముగా చెప్పినచో, పరిష్కర్త దానిని మూలమున దిద్దక, సరియైన సంఖ్యను అధస్సూచికయందు చూపుట మేలని మేము తలంతుము. గణితము సత్యమును చెప్పును. కవి యేమి వ్రాసెనో చెప్పదు. మఱియు గిరి యున్నచోట నగ యను పాఠాంతరము కనబడినచో గణితము, ఛందస్సు రెండును ఉదాసీనములే. రెండు పదములును ఏడు. రెండును రెండు లఘువులు. అచట వ్రాతప్రతుల సాక్ష్యము దక్క వేఱు గతి లేదు. శాసనములందలి శకసంవత్సరముల వంటి సంఖ్యలకు గణనచే సాధింపదగిన ఫలము లేదు. తిథివారాదులు చెప్పబడిన చోటనే జ్యోతిషగణనము కొంత తోడ్పడును.

కావున గణితపద్యమును పరిష్కరించువాడు ముగ్గురు సాక్షులను విచారింపవలెను. ఛందస్సు పదము పరిమాణమును చెప్పును. గణితము పదము విలువను చెప్పును. వ్రాతప్రతి పదమునే చెప్పును. చదరంగపు పద్యమున వాడుకలో నున్న పాఠము మొదటి యిద్దరి పరీక్షకును పూర్తిగా నిలిచినది. ఆఱు వర్గములు చేసి చూచినను ఇరువది యంకెలలో ఒక్కటియు తప్పలేదు. ఇన్ని శతాబ్దములు లేఖకుల చేతులు మాఱియు, ఎందఱో నోట పలికియు, ఒక్క యంకెయైనను చెడక మనకు చేరుట సామాన్యవిషయము కాదు. కావ్యరసము లేదను కారణముచే గణితగ్రంథములు మన పాఠ్యక్రమమున వెనుకబడినవి. పాఠపరిష్కరణపద్ధతిని నేర్పుటకు ఇంతకంటె నిష్కర్షమైన క్షేత్రము దుర్లభము. ఏలయన ఇచట పరిష్కర్త నిర్ణయము సరియో కాదో కొన్నిచోట్లనైనను లెక్కించి తేల్చుకొనవచ్చును. పరిశోధకవిద్యార్థులు ఒక్కొక్క ప్రకరణమును గైకొని, ఉదాహరణములను లెక్కించి, నిలువని పాఠములను పట్టికగా కూర్చినచో, ఆ గ్రంథమును సమగ్రముగా సంస్కరించు పనికి అది గట్టి పునాది కాగలదు.